మామయ్యగారికి క్లెబ్సియెల్లా బాక్టీరియా ఇన్ఫెక్షన్, ఇంట్లో పాప ఉంది

తెనాలి కోడలు: నిన్న డిశ్చార్జ్ చేశారు. యూరిన్ పైపు అలాగే ఉంచారు. కల్చర్ (క్రిముల పరీక్ష) రిపోర్టులో దాదాపు అన్ని మందుల పక్కనా 'ఆర్' అనే ఉంది, అంటే రెసిస్టెంట్, ఆ మందుకి క్రిమి లొంగదట. గిన్నెలు, బట్టలు వేరు చేయాలా? బాత్రూం ఒక్కటే. పాపకి ఏడాదిన్నర.

శాంత పిన్ని: గిన్నెలు వేరు చేయకమ్మా. మా అమ్మకి కంచం, గ్లాసు విడిగా పెడితే "నన్ను వెలేశారా" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. సబ్బుతో మామూలుగా తోమితే చాలని తర్వాత డాక్టరే చెప్పారు.

బోడుప్పల్ బాబాయ్: ముందు ఆయాని చూసుకోండి. మా ఆయా డైపర్ మార్చిన గ్లవ్స్‌తోనే ఫ్రిజ్ తెరిచి పాలు తీసింది. అడిగితే "గ్లవ్స్ ఉన్నాయిగా సార్" అంది!

ఐసీయూ అక్క: 14 ఏళ్లుగా ఐసీయూలో చేస్తున్నా, నా మాట వినండి. గ్లవ్స్ తీశాక కూడా చేతులు కడగాలి. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్ అయితే 20 నుంచి 30. యూరిన్ బ్యాగ్ నడుము కంటే కిందే ఉండాలి, నేలకి మాత్రం తగలకూడదు.

రవి_కెపి: మందులకే లొంగనిది శానిటైజర్‌కి లొంగుతుందా?

ఐసీయూ అక్క: లొంగుతుంది. మందు పనిచేసే తీరు వేరు, శానిటైజర్ తీరు వేరు.

రవి_కెపి: మా బావకి సబ్బే వాడాలి, శానిటైజర్ పనికిరాదన్నారు. ఆ డాక్టరుకి తెలీదా?

ఐసీయూ అక్క: విరేచనాలకి చేరారా? అయితే సి.డిఫ్ అనే విరేచనాల బాక్టీరియా అయ్యుంటుంది. దాని స్పోర్లు (గట్టి పొర ఉన్న బీజాలు) ఆల్కహాల్‌కి చావవు, సబ్బు నీళ్లతో కడిగేయాల్సిందే. అన్నిటినీ ఒకే గాటన కట్టకు.

రవి_కెపి: "కట్టకు" ఏంటండీ? 14 ఏళ్లలో మర్యాద నేర్పలేదా?

శాంత పిన్ని: అబ్బా, ఆపండి ఇద్దరూ.

విజయ_విశాఖ: బాత్రూంలో బ్లీచ్ వేసి పైన యాసిడ్ పోయకండి. నేను పోసి, ఆ గ్యాస్‌కి ఊపిరాడక బయటికి పరిగెత్తా.

నెల్లూరు రెడ్డి: మా నాన్నకి జ్వరం లేకపోయినా నెలనెలా కల్చర్ చేయించి, ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు వేయించాం. పైపు ఉన్నవాళ్ల మూత్రంలో క్రిములు ఉండటం మామూలేనని ఆలస్యంగా తెలిసింది. చివరికి కొలిస్టిన్ అనే చివరి అస్త్రం లాంటి యాంటీబయాటిక్ దాకా వెళ్లింది. 2019లో కోళ్లకి వాడొద్దని నిషేధించిన మందు అది.

బోడుప్పల్ బాబాయ్: అందుకే నేను నాటుకోడే తింటా.

తెనాలి కోడలు: పాప సంగతి ఎవరూ చెప్పలేదు.

ఐసీయూ అక్క: తాతగారి ఒళ్లో కూర్చోనివ్వండి, తర్వాత చేతులు కడగండి. బ్యాగ్ మాత్రం పాపకి అందనివ్వకండి. అసలు పైపు ఎప్పుడు తీస్తారన్నారు?

తెనాలి కోడలు: అడగలేదండీ. రేపు ఫోన్ చేస్తా.