పేపర్లో మా పేరు పక్కన ‘అలియాస్’ ఎందుకు?

రాత్రిరాణి: నిన్న జిల్లా ఎడిషన్లో ‘హిజ్రాల వీరంగం’ అని మూడు కాలాల హెడ్డింగ్. చదివితే కొట్టింది ఆటోవాళ్లు, తల పగిలింది మా పిల్లకి. దాని పేరు పక్కన ‘అలియాస్’ పెట్టి, ఇంట్లో పెట్టిన మగ పేరు కూడా వేశారు. మీ ఊళ్లో ఎలా రాస్తున్నారు? ఎవరైనా ఎడిటర్‌కి రాసి దిద్దించుకున్నారా?

డెస్క్‌బాబాయ్: 22 ఏళ్లు డెస్కులో చేశాను. స్ట్రింగర్, అంటే ఊళ్లో మా పార్ట్‌టైమ్ విలేకరి, ఎఫ్‌ఐఆర్ చూసి పంపుతాడు, అందులో రెండు పేర్లూ ఉంటాయి. పదిన్నరకి పేజీ వదలాలి, ఎవరిని అడగమంటారు?

కందిపచ్చడి: సినిమా హీరోలకి అసలు పేర్లు వేరే ఉంటాయి కదా బాబాయ్, రోజూ అలియాస్ తగిలిస్తారా? ఆ మాట దొంగలకీ, మాకూనే.

డెస్క్‌బాబాయ్: హీరోలు కేసుల్లో ఇరుక్కోరుగా.

కందిపచ్చడి: ఈమె ఇరుక్కోలేదు, ఫిర్యాదు ఇచ్చింది! 2014లోనే సుప్రీంకోర్టు ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చంది. మీ డెస్కుకి ఆ తీర్పు ఇంకా చేరలేదా?

కొత్తిల్లు: అవన్నీ సరే, మా గృహప్రవేశంలో పదకొండు వేలు పట్టుకెళ్లారు. అది రాయొద్దా?

రాత్రిరాణి: రాయండి, తీసుకున్న మనిషి గురించి. అందరినీ కలిపి వీరంగం అనడం దేనికి?

సీమమిర్చి: మందుబాబుల వీరంగం, కోతుల వీరంగం, హిజ్రాల వీరంగం. ఒకే వరస 😀

మౌనం99: ఎంతసేపూ హిజ్రాల గొడవేనా? 2018లో సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు తీర్పు మర్నాడు మా ఇంటికొచ్చిన పేపర్లో ‘స్వలింగ సంపర్కం నేరం కాదు’ అని పెద్దక్షరాలు. ఆ ‘సంపర్కం’ చూసి అమ్మ పేపర్ మడిచి పరుపు కింద దూర్చేసింది. ఆ రోజు తనకి చెబుదామనుకున్నాను.

డెస్క్‌బాబాయ్: తీర్పు దాని గురించే కదా, ఇంకేం రాస్తాం?

మౌనం99: ‘ప్రేమ’ అని రాయొచ్చు. ఓ అక్షరం తక్కువే, చోటు కూడా మిగిలేది.

తమ్ముడు_కాదు_అన్న: మాలాంటి ట్రాన్స్ మగవాళ్లం ‘వింత పెళ్లి’ వార్తలో తప్ప కనపడం. అక్కడ కూడా ‘యువతి’ అనే రాస్తారు.

కందిపచ్చడి: 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నిజాం కాలం చట్టం కొట్టేసింది. హిజ్రాలు ఆడబట్టల్లో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చన్న చట్టం. మా ఇంటికొచ్చే పేపర్లో అది లోపలి పేజీలో సింగిల్ కాలమ్.

కొత్తిల్లు: నా పదకొండు వేల సంగతి ఎవరూ మాట్లాడరేం?

రాత్రిరాణి: నేనడిగిందానికీ ఎవరూ జవాబివ్వలేదు.

డెస్క్‌బాబాయ్: రాస్తే సవరణ వేస్తారమ్మా, ఏ మూలో నాలుగు లైన్లు. ఇంతకీ ఆ పిల్లకి ఎలా ఉంది?

రాత్రిరాణి: ఏడు కుట్లు. పేపర్లో మాత్రం ‘స్వల్ప గాయాలు’.