పబ్లిక్ హెల్త్ పరీక్షలో ఉద్దానం ఉదాహరణ రాయవచ్చునా?

వజ్రపుకొత్తూరు అమ్మాయి:
నాలుగేళ్లు ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేసి, ఇప్పుడు ఎం.పి.హెచ్. (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతున్నాను. నమూనా పరీక్షలో ఇన్సిడెన్స్‌కూ (ఒక కాలంలో కొత్తగా జబ్బుపడేవారి లెక్క), ప్రివలెన్స్‌కూ (ఒక సమయంలో ఉన్న మొత్తం రోగుల లెక్క) తేడాను ఉదాహరణతో వివరించమన్నారు. నేను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు గురించి రాశాను. డయాలసిస్ పలాసకు వచ్చాక, ఒకప్పుడు ఏడాది తిరగకుండా పోయేవారు ఇప్పుడు ఏళ్ల తరబడి బతుకుతున్నారనీ, కొత్తగా జబ్బుపడేవారు పెరగకపోయినా ఊళ్లో రోగుల లెక్క పెరుగుతుందనీ నా జవాబు. 10కి 4 మార్కులు వేసి, పక్కన ఎర్ర సిరాతో “స్థానిక వార్తలు వద్దు, ప్రామాణిక ఉదాహరణ రాయండి” అని రాశారు. ఎర్రగా వాచిన ఫిస్టులా (డయాలసిస్ సూది కోసం రక్తనాళాలు కలిపిన) చేతిని ఒడిలో పెట్టుకుని, పాత రిపోర్టులన్నీ ఎరువుల సంచిలో దాచుకున్న మనిషి నా కళ్ల ముందు ఉండగా, పుస్తకంలోని ఊరు పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. పెద్దలు చెప్పండి.

కోట కూడలి:
అమ్మా, నేను విజయనగరంలో చాలాకాలం పేపర్లు దిద్దినవాణ్ణి. మీకు మార్కులు తగ్గించిన పద్ధతిని సమర్థించను గానీ, ఆ వ్యాఖ్య వెనుక ఒక కారణం ఉంది. ఉదాహరణ అనేది భావనను విప్పి చూపాలి, కొత్త చిక్కుముడి వేయకూడదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా గురించి రాస్తే డాక్టర్ జాన్ స్నో అనుమానించిన నీటి పంపు, మృతుల పటం, పంపు హ్యాండిల్ తొలగింపు అన్నీ ఒక వరుసలో నిలబడతాయి. ఉద్దానంలో నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానాలే తప్ప నిర్ధారణ లేదు. ఒకటి మరొకదానికి కారణమా అని తేల్చడానికి బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1965లో చెప్పిన తొమ్మిది అంశాలను దానికి అన్వయించబోతే సగంలో ఆగిపోతాం. పరీక్ష గదిలో అంత సాహసం అవసరమా?

నాగావళి ఒడ్డు:
మాస్టారూ, వినయంగానే విభేదిస్తున్నాను. నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీ విద్యార్థిని. మొదట, ఆమెను అడిగింది కారణం గురించి కాదు. ప్రివలెన్స్‌కు రోగకారణం తెలియనక్కర లేదు. రెండోది, బ్రాడ్ స్ట్రీట్ కథ కూడా మనం చెప్పుకున్నంత సాఫీ కాదు. హ్యాండిల్ తీసేనాటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి. కలరా క్రిమిని కోచ్ నిరూపించింది 1880లలో, అంటే జాన్ స్నో పోయిన పాతికేళ్ల తర్వాత. కారణం పూర్తిగా తేలని జబ్బు ఉదాహరణకు పనికిరాదంటే స్నో కూడా పనికిరాడు.

నిజానికి ఉద్దానం నాకు నేర్పిన పాఠాలు పుస్తకంలో చదివినప్పుడు బుర్రకెక్కలేదు. కిడ్నీ జబ్బును దీర్ఘకాలికమని అనాలంటే లోపం కనీసం 3 నెలలు నిలిచి ఉండాలి. సర్వేకు వెళ్లి, మండుటెండలో జీడితోటలో పనిచేసి వచ్చిన మనిషికి ఒక్కసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త) పరీక్ష చేసి లెక్కలో వేసుకుంటే, ఆ పూట ఒంట్లో నీరు తగ్గినవారు కూడా రోగులైపోతారు. నిర్వచనం ఎందుకు బట్టీపట్టాలో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి. సెన్సిటివిటీ (జబ్బున్నవారిని పట్టుకోగలగడం), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారికి లేదని చెప్పగలగడం) రెండూ 90 శాతం ఉన్న పరీక్షను, నూటికి 10 మందికి జబ్బున్న ఊళ్లో 1,000 మందికి చేస్తే, జబ్బుందని తేలిన 180 మందిలో 90 మందికే నిజంగా ఉంటుంది. నూటికి ఒక్కరికే జబ్బున్న ఊళ్లో అదే పరీక్ష 108 మందికి జబ్బుందని చెప్తుంది, అందులో నిజమైన రోగులు 9 మందే. ఉద్దానంలోని కవిటి మండలానికీ, ఆ జబ్బు అరుదుగా ఉండే మరో మండలానికీ తేడాగా ఊహించుకుంటే ఈ లెక్క మరచిపోవడం కష్టం. వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసిన జెఫ్రీ రోజ్ 1985లో ఎత్తిచూపిన సంగతి కూడా ఇక్కడే తగులుతుంది: ఊరంతా ఒకే నీరు తాగుతున్నప్పుడు, ఆ ఊళ్లోనే రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చి చూస్తే నీటి దోషం బయటపడదు. పోలిక కోసం ఊరు దాటి వెళ్లాలి.

అరసవల్లి:
బిట్ల పరీక్షకు సిద్ధమయ్యేవారికి ఈ చర్చ అంతగా వర్తించదు. అక్కడ ఉదాహరణకు చోటే ఉండదు. వ్యాస ప్రశ్నలకే ఇది పనికొస్తుంది.

కోట కూడలి:
నాగావళి గారు 3 నెలల నిబంధన గురించి చెప్పిన మాట నాకు నచ్చింది. అయితే మరో చిక్కు ఉంది. డయాలసిస్ రోగులకు పింఛను ఉన్నప్పుడు, పరీక్షా కేంద్రం దగ్గరైనప్పుడు, ఇదివరకు లెక్కకు రానివారు కూడా నమోదవుతారు. అది ప్రివలెన్స్ పెరగడం కాదు, మన చూపు పెరగడం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి గనుక, అంతకు ముందటి లెక్కలనూ తర్వాతి లెక్కలనూ పక్కపక్కన పెట్టి పెరిగిందనడం తొందరపాటు. అమ్మాయి జవాబులో ఈ జాగ్రత్త ఉంటే నేను 8 వేసేవాణ్ణి. లేకపోతే నాకూ 6 దాటేది కాదు, నిష్ఠూరంగా ఉన్నా చెప్పక తప్పదు.

వజ్రపుకొత్తూరు అమ్మాయి:
ఆ జాగ్రత్త నేను రాయలేదు మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. తిరిగి ఇలా రాశాను, చూడండి.

“1,000 మంది పెద్దలున్న ఉద్దానం పల్లె ఒకటి ఊహించుకుందాం. ఏటా 5 మందికి కొత్తగా జబ్బు వస్తూ, వచ్చినవారు సగటున 4 ఏళ్లు బతికితే, ఏ సమయంలో లెక్కపెట్టినా సుమారు 20 మంది రోగులుంటారు. డయాలసిస్ వల్ల ఆ 4 ఏళ్లు 8 అయి, కొన్నేళ్లకు లెక్క నిలకడకు వస్తే, ఇన్సిడెన్స్ మారకుండానే ప్రివలెన్స్ రేటు 1,000కి 40 అవుతుంది. నమోదు మెరుగుపడటం వల్ల కనిపించే పెరుగుదలను దీనితో కలపరాదు.”

నాగావళి ఒడ్డు:
బాగుంది. మూడో వాక్యంలో “రేటు” తీసేయండి. ప్రివలెన్స్ నిష్పత్తి మాత్రమే, కాలం హారంలో ఉన్నది ఇన్సిడెన్స్‌కే.

కోట కూడలి:
అవును, ఆ ఒక్క మాటకే నేను అర మార్కు కోసేవాణ్ణి.