వోయ్‌నిచ్ ప్రతిలోని విలుకాడి బొమ్మ గురించి తెలిసినవారు చెప్పగలరా?

కళాచరిత్రలో పరిశోధన చేస్తున్నాను. 1912లో పాత పుస్తకాల వ్యాపారి వోయ్‌నిచ్ ఇటలీలో కొన్న ఆ చదవరాని రాతప్రతి ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలోని బైనెకీ గ్రంథాలయంలో ఉంది. లిపి జోలికి నేను పోవడం లేదు. దానితో తల బద్దలు కొట్టుకున్నవారు చాలామందే ఉన్నారు. నా తిప్పలన్నీ బొమ్మలతోనే.

తోలు కాగితం 1404–1438 మధ్యదని కార్బన్ పరీక్షలో తేలింది. కానీ బొమ్మలు కూడా అప్పుడే వేశారని అది చెప్పదు కదా! అందుకే దుస్తులను, కట్టడాలను పట్టుకుని వెతుకుతున్నాను. మడత పుటలోని కోట గోడ పైఅంచున పళ్ల వరుసలా నిలిచిన దిమ్మెలున్నాయి, ఒక్కొక్కటీ మధ్యలో చీలి ఉంది. ఇటలీలోని వెరోనా నగరంలో ఉన్న కాస్తెల్‌వెక్కియో కోట గోడల మీదా అలాంటివే ఉన్నాయి. ధనూరాశి బొమ్మ మరీ విచిత్రం: సగం గుర్రం, సగం మనిషి ఉండాల్సిన చోట మామూలు మనిషి అడ్డవిల్లు (క్రాస్‌బో) పట్టుకుని నిలబడ్డాడు.

ధనూరాశిని ఇలా మనిషిగా చూపిన 15వ శతాబ్దపు పంచాంగాలు మీరెక్కడైనా చూశారా? జర్మన్ ప్రాంతాలవా, ఇటలీవా? అతని టోపీ, అంగీ చూసి కాలం చెప్పగలవారుంటే మరీ మంచిది. పుటల చిత్రాలు గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతాయి. గ్రహాంతరవాసుల సిద్ధాంతాలు మాత్రం దయచేసి వద్దు.