అప్‌డేట్: అమ్మ కాలి ఎముక అతుక్కుంటోంది, మందుల సంగతి తేలింది

అమ్మకు మోకాలి కింద ఎముక విరిగి నెలలు గడుస్తున్నా ఎక్స్‌రేలో అతుకు కనిపించడం లేదని, వాడుతున్న మందులేమైనా అడ్డుపడుతున్నాయా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "మందులన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి" అన్న సలహానే పనిచేసింది.

ఆర్థోపెడిక్ డాక్టర్ ఒక్కో స్ట్రిప్ తిప్పి చూసి రెండింటిని పక్కన పెట్టారు. కీళ్లవాతానికి ఏళ్లుగా వాడుతున్న ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, నొప్పికి రోజూ వేసుకుంటున్న డైక్లోఫెనాక్. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే కొత్త ఎముకను కట్టే కణాలు మందగిస్తాయట. డైక్లోఫెనాక్ తగ్గించే ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాలు అతుకు మొదలవడానికి కావాలి. కొద్దిరోజులు వాడితే పెద్దగా భయం లేదు, నెలల తరబడి అయితే ఆలోచించాలి అన్నారు. దాని బదులు పారాసిటమాల్ రాశారు. స్టెరాయిడ్ మాత్రం ఎవరూ ఉన్నట్టుండి మానేయకండి, ప్రమాదం! కీళ్ల డాక్టరే డోసు మెల్లమెల్లగా తగ్గిస్తున్నారు. రక్తపరీక్షలో విటమిన్ డి కూడా బాగా తక్కువ వచ్చింది, దానికీ మందు మొదలైంది.

నేను ఎక్కువ టెన్షన్ పడింది బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ గురించి. దాంతో ఇబ్బందేమీ లేదన్నారు.

మొన్నటి ఎక్స్‌రేలో విరిగిన చోట చుట్టూ తెల్లగా, పొగమంచులా కాలస్ (అతుకు దగ్గర కట్టే కొత్త ఎముక) కనిపించింది. ఫలానా మార్పు వల్లే అని చెప్పలేమన్నారు డాక్టర్. పూర్తి బరువు ఇంకా మోపొద్దన్నారు, వాకర్‌తో నడుస్తోంది.