ఠాకురాణి జాతరలో వేషాల మీద రంగు లైట్లు వేసి ఫిలిం తీయవచ్చా?

బరంపురం కుర్రవాడు
మా మేనమామ వాడిన రీలు కెమెరా, నికాన్ ఎఫ్‌ఎం2, నా చేతికి వచ్చింది. ఈసారి మా ఊరి ఠాకురాణి అమ్మవారి జాతర కోసం మూడు రీళ్లు దాచుకున్నాను. రెండు చిన్న ఎల్‌ఈడీ లైట్లకు ఎర్ర, నీలి జిలెటిన్ కాగితాలు చుట్టి, రాత్రిపూట పులివేషాలను తీయాలని కోరిక. ఫోనులో తీసి తర్వాత రంగు మార్చుకుంటే పోయేదానికి రీలు ఎందుకు తగలేస్తావని ఇంట్లో అంటున్నారు. మీరేమంటారు?

పర్లాకిమిడి స్టూడియో
నేనూ వద్దనే అంటాను బాబూ. రీలుకు 36 బొమ్మలు, జాతరేమో రెండేళ్లకు ఒకసారి. నేను చాలా ఏళ్లు పెళ్లి ఫోటోలు తీశాను. మండపంలో ఎర్ర సీరియల్ లైట్లు పడి పెళ్లికూతురి ముఖం కందిపోయినట్టు వస్తే ఆ ప్రింటు ఎవరూ తీసుకునేవారు కాదు. రంగు సరిగ్గా రావడం కోసం మేము పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇప్పుడు మీరు కావాలని చెడగొట్టుకుంటామంటే మనసొప్పదు. పైగా రీలు కడిగించాలంటే పెద్ద ఊరికి పార్సిల్ పంపాలి.

రాయగడ రీలు
పెద్దవారి మాట కాదనడం కాదు గానీ, తర్వాత రంగు మార్చుకోవడం, ఆ రంగు వెలుగులోనే తీయడం ఒకటి కావు. ముఖానికి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క ఆకుపచ్చ వేసి చూడండి. రెండూ కలిసే చోట, ముక్కు దూలం మీద, సన్నగా పసుపు గీత వస్తుంది. ఎర్ర దీపానికి చెయ్యి అడ్డుపెడితే గోడ మీద పడే నీడ నల్లగా ఉండదు, ఆకుపచ్చగా ఉంటుంది. వెలుగు ముఖం ఒంపుల వెంట నడిచి తెచ్చిన రంగు అది. తర్వాత పూసిన రంగుకు ఆ నడక తెలియదు.

ఫోను సంగతి కూడా చెప్పాలి. వెలుగును పట్టే మామూలు సెన్సార్‌లో సగం గళ్లు ఆకుపచ్చకు, పావు వంతు ఎరుపుకు, పావు వంతు నీలానికి. గట్టి ఎర్ర దీపం కింద ఆ పావు వంతే పనిచేస్తుంది. అది త్వరగా నిండిపోతుంది, చెంప మీద వివరమంతా పోయి ఒకే ఎర్ర ముద్ద మిగులుతుంది. రంగు నెగెటివ్ ఫిలిం అయితే వెలుగు ఎక్కువైనా తట్టుకుంటుంది. ఎర్ర దీపం కింద నేను తీసిన ఒక రీలులో కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. అదే రోజు ఫోనులో తీసినదానిలో కళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

నేతవీధి ఆడపడుచు
మీరంతా దీపం గురించే మాట్లాడుతున్నారు, మనిషి గురించి ఎవరూ అడగలేదు. అమ్మవారు దేశిబెహరా వీధికి రావడమంటే ఆడపడుచు పుట్టింటికి రావడం. మా నేతవాళ్ల ఇళ్లలో ఆ నెల రోజులూ అదే మాట. పులివేషం చాలామందికి మొక్కు. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు వేయించుకుని, అవి ఆరేదాకా చేతులు చాచి నిలబడి, ఆ తర్వాత ఎండలో చెప్పుల్లేకుండా తిరుగుతారు. రాత్రి అలసిపోయి వస్తున్నవారి కళ్లలోకి ఎర్ర దీపం కొట్టే హక్కు మీకెవరిచ్చారు? కెమెరా పాతదైతేనేం, కొత్తదైతేనేం!

రాయగడ రీలు
అమ్మా, ఈ మాట నాకు ముందే తట్టవలసింది. మనిషి మీద దీపం వద్దు. రంగును లెన్సు ముందు పెడదాం.

ఎఫ్‌ఎం2లో ఒకే ఫ్రేము మీద మళ్లీ మళ్లీ తీయడానికి చిన్న మీట ఉంది. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, ఒకే ఫ్రేము మీద ఎర్ర ఫిల్టరుతో ఒకసారి, ఆకుపచ్చతో ఒకసారి, నీలంతో ఒకసారి తీయాలి. ఈ మూడు రంగుల వెలుగులూ కలిస్తే అసలు రంగు వస్తుందని 1861లో శాస్త్రవేత్త మాక్స్‌వెల్ లండన్‌లో చూపిన సూత్రమే ఇది. ఆయన మూడు పలకల మీద విడివిడిగా తీయించినది మనం ఒకే ఫ్రేము మీద తీస్తాం. వీధిలో కదలకుండా నిలబెట్టిన రథం మూడుసార్లూ ఒకే చోట పడుతుంది కాబట్టి దాని రంగులు దానికే ఉంటాయి. కదిలినవాడు మాత్రం విడిపోతాడు. పులివేషం పసుపు కదా, పసుపులో నీలం దాదాపు ఉండదు. అందుకని ఒక ఎర్ర పులి, ఒక ఆకుపచ్చ పులి స్పష్టంగా వస్తాయి, మూడోది చీకట్లో కలిసిపోతుంది.

ఫిల్టరు వెలుగును బాగా తినేస్తుంది, సుమారు మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతు వెలుగే మిగులుతుంది. 1/30 సెకను సరిపోయే చోట 1/4 సెకను తెరవాలి. ఆ లోపు ఆడేవాడి కాళ్లు ఎలాగూ చెదురుతాయి. నాకైతే ఆ చెదరడమే కావాలి. అక్కడ డప్పు మోగుతోందని బొమ్మ చూసినవాడికి అర్థం కావాలి.

పర్లాకిమిడి స్టూడియో
మూడు బొమ్మలు కంప్యూటర్‌లోనూ కలపవచ్చు, అది మాత్రం ఒప్పుకోండి. అయినా రథం నిలిచి పులి విడిపోతుందన్న మాట నన్ను పట్టుకుంది. ఒక పని చేయి బాబూ. మొదటి రీలు ఏ ప్రయోగమూ లేకుండా తీయి. అది ఊరి కోసం. మిగిలిన రెండూ నీ ఇష్టం. నా దగ్గర పాత ఎర్ర, ఆకుపచ్చ ఫిల్టర్లు ఉన్నాయి, నలుపు తెలుపు రోజులవి. నీలం నువ్వే వెతుక్కోవాలి.

బరంపురం కుర్రవాడు
ఆదివారం బస్సుకు వచ్చి తీసుకుంటాను మాస్టారూ. జిలెటిన్ దీపాలు మా తమ్ముడి మీద ఇంట్లోనే వేసి చూస్తాను. అక్కా, మీ వీధిలో ట్రైపాడ్ పెట్టడానికి ఎవరి అరుగైనా దొరుకుతుందా? దీపం వెలిగించను.

నేతవీధి ఆడపడుచు
మా అరుగు ఉంది. ఘటాలు వచ్చే వేళకు మాత్రం దారి వదలాలి.