కాకలీ తు? కాకలిస్తు?

కీబోర్డు విద్యార్థి: పాశ్చాత్య సంగీత లిపిలోని షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పెంచేది), ఫ్లాట్ (దించేది), నేచురల్ (మామూలుకి తెచ్చేది) గుర్తుల మీద తెలుగులో చిన్న పాఠం రాస్తున్నాను. మూడిటినీ కలిపి యాక్సిడెంటల్స్ అంటారు కదా, దానికి మాట వెతుకుతుంటే చిన్నప్పుడు వల్లెవేసిన అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) ముక్క ఒకటి నాలుక మీద ఆడుతోంది: "కాకలిస్తు కలే సూక్ష్మే..." ఆపైన గుర్తు రావడం లేదు. కాకలి నిషాదం పెంచిన నిషాదమే కాబట్టి షార్ప్‌ని కాకలి అనవచ్చా?

ఛందోప్రియ: "ధ్వనౌ తు మధురాస్ఫుటే". కానీ అది "కాకలీ తు" అండీ. నదీ శబ్దం లాంటిది, ప్రథమా విభక్తిలో చివర విసర్గ రాదు. కాకలిః + తు అయితేనే కాకలిస్తు.

అమరం అభిమాని: లక్ష్మీః అనడం లేదా? పైగా "లీ" అన్నా "లిస్" అన్నా మూడో అక్షరం గురువే. అనుష్టుప్పు ఛందం రెంటినీ ఒప్పుకుంటుంది.

ఛందోప్రియ: ఒప్పుకుంటే పాఠం అయిపోదు కదండీ. లక్ష్మి మినహాయింపు, కాకలి కాదు. "ఈషత్ కల" (కొంచెంగా, మెల్లగా వినిపించే తీయని ధ్వని) నుంచి వచ్చిన మాట, కాకికీ దీనికీ సంబంధం లేదు.

వయొలిన్ టీచర్: అక్షరం సరే, అర్థం చూడండి. పిల్లలు తడబడేది "శుద్ధ" దగ్గర. మన శుద్ధ రిషభం హిందుస్తానీ వాళ్ళకి కోమలం, అంటే దించినది. సి షడ్జం అనుకుంటే అది డి ఫ్లాట్. శుద్ధ అనగానే నేచురల్ అనుకుంటే మొదటి రోజే తప్పుతారు. ఒకే మెట్టుకి రెండు పేర్లుండటం మాత్రం మనకి కొత్త కాదు: చతుశ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే చోటు. పన్నెండు స్థానాలకి పదహారు పేర్లు పెట్టుకున్నాం. సి షార్ప్, డి ఫ్లాట్ గొడవ అంతే.

అమరం అభిమాని: యాక్సిడెంటల్‌కి "ఆగంతుకం" బాగుంటుంది. యాక్సిడెంట్ అనగానే ప్రమాదం అనుకోకూడదు, బయటినుంచి వచ్చి చేరింది అని.

వయొలిన్ టీచర్: ఆ పనికి "అన్యస్వరం" (మాతృరాగంలో లేని స్వరం) ఉండనే ఉంది. బిలహరి రాగం శంకరాభరణం నుంచి పుట్టిన జన్యం, అందులో కైశికి నిషాదం తొంగిచూస్తుంది. సి మేజర్‌లో బి ఫ్లాట్ పడ్డట్టే. తేడా ఒకటి: స్టాఫ్ (స్వరాలు రాసే అయిదు గీతలు) మీద ఆ గుర్తు ఆ బార్ (నిలువు గీతల మధ్య తాళ ఖండం) దాటితే చెల్లదు, అన్యస్వరానికి అలాంటి గీత లేదు. ఎక్కడ పలకాలో రాగమే చెబుతుంది.

ఛందోప్రియ: స్వరాల మాట వచ్చింది కాబట్టి, త్యాగయ్య "నాదతనుమనిశం" చరణంలో "సరిగమపధనీ" అన్నప్పుడు ధైవతానికి ఒత్తు ఉండాలి. "పద" అని రాసిన కాపీలు చూస్తే బాధేస్తుంది. శివుడి అయిదు ముఖాల నుంచి సప్తస్వరాలు పుట్టాయన్న మాటని ఆ సంస్కృత సమాసంలో ఎంత సునాయాసంగా ఇమిడ్చాడో!

అమరం అభిమాని: పాడేటప్పుడు "ద" అనే పలుకుతాం కదండీ. పలికినట్టు రాస్తే తప్పేమిటి?

ఛందోప్రియ: కీర్తనలో తప్పే. అక్కడ అది సాహిత్యం, స్వరం మాత్రమే కాదు.

కీబోర్డు విద్యార్థి: నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. నాట్యశాస్త్రంలో భరతుడు రెండు శ్రుతులు (స్వరాల మధ్య సూక్ష్మమైన మెట్లు) పెంచిన నిషాదాన్ని కాకలి అన్నాడు, గాంధారాన్ని పెంచితే అంతరం అన్నాడు. మరి దించినదాన్ని ఏమనాలి?

వయొలిన్ టీచర్: సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడి దగ్గర "చ్యుత షడ్జం" ఉంది. జారినది అని. ఫ్లాట్‌కి అది సరిపోదా?

అమరం అభిమాని: చ్యుతమా, చ్యూతమా? చ్యూతం అంటే మామిడి!

ఛందోప్రియ: మామిడి చూతం అండీ, య-వత్తు లేదు. ఇది చ్యుతమే, హ్రస్వం.