శరదృతువంటే ఆకులు రాలే కాలమా?

హన్మకొండ నాన్న:
మా పాప ఎనిమిదో తరగతి. ‘శరదృతువు అందం, రచయితలు’ అని బడిలో వ్యాసం రాసుకు రమ్మన్నారు. రాసింది చూస్తే ఎర్రటి ఆకులు, రాలిన ఆకుల మీద నడక, చలికోటు! ‘ఇదంతా ఎక్కడ చూశావే?’ అంటే ‘ఆటమ్ అంటే అదే కదా డాడీ’ అంది. మొన్ననే వాళ్లమ్మతో కూర్చొని బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగులద్దింది. గోళ్ల సందుల్లో ఆకుపచ్చ ఇంకా పోలేదు. ఆ చేతుల్తోనే ఇది రాసింది. మన కవులు ఈ కాలం గురించి ఏం రాశారో కాస్త చెప్పండి. ఎల్లుండి ఇవ్వాలి, పాపకన్నా నాకే టెన్షన్‌గా ఉంది.

పాత తెలుగు సారు:
పాప తప్పేం లేదు. ఆటమ్‌ను ఆకురాలు కాలం అని మనమే నేర్పాం. మనకు ఆశ్వయుజం, కార్తీకం శరత్తు. ఆకు రాలేది శిశిరంలో, శివరాత్రి ముందూ వెనకా. వానలు కడిగిపోయిన ఆకాశం కాబట్టి మన కవులకు శరత్తంటే ముందు వెన్నెలే గుర్తొస్తుంది. భారతంలో నన్నయ చివరి పద్యం ‘శారద రాత్రులు’. చుక్కల హారాలు, కలువల వాసన మోసుకొచ్చే గాలి, కర్పూరం పొడి చల్లినట్టు వెన్నెల. అరణ్యపర్వం అక్కడ ఆగిపోయింది. తిక్కన దాన్ని ముట్టకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. రెండు వందల ఏళ్లు దాటాక ఎర్రన వచ్చి, నన్నయ రాత్రి దగ్గర ఆపాడు కదా అని, శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు! క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది. మన బమ్మెర పోతన భాగవతం దశమస్కంధంలో కూడా శరద్వర్ణన ఉంది. (ఒంటిమిట్ట వాళ్లు పోతన మావాడే అంటారు, ఆ గొడవ ఇక్కడొద్దు.)

పరకాల రైతు:
పద్యాలు నాకు తెల్వవు గానీ సారూ, మాకు ఈ కాలమంటే పత్తి ఏరుడు, వరి పొట్టకొచ్చుడు. గునుగు మా చేన్లో కలుపు. ఏడాదంతా పీకి పారేస్తం, ఎంగిలిపూల బతుకమ్మ నాడు మాత్రం దాని కోసమే గట్లెంబడి తిరుగుతం. గడ్డిమందు కొట్టుడు మొదలైనంక మా దిక్కు బాగా తగ్గింది. పోయినేడు మా ఆవిడ చౌరస్తాల కొనుక్కొచ్చింది. రైతు ఇంటికి గునుగు కొనుడు! పాపను వాళ్ల అమ్మమ్మతో బతుకమ్మ పాటలు పాడించుకొమ్మనుండ్రి. వాటికి కవి పేరుండదు, అయినా రాసినోళ్లే గదా.

ఇంగ్లీష్ మేడమ్:
ఇంగ్లీష్ కవి కీట్స్‌ను వదిలేయకండి. 1819 సెప్టెంబర్‌లో వించెస్టర్‌లో ఆటమ్ మీద రాసిన కవితలో ఆకులు రాలడం అసలు లేనే లేదు. పండ్ల బరువుకు వంగిన చెట్లు, తేనెపట్లు, నిండుతున్న గుమ్మడి, కోత అయిన చేలు, అంతే. కోసిన చేను చూడ్డానికి వెచ్చగా ఉందని స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు. పరకాల అన్న చెప్పినదానికి ఇదే దగ్గర.

హన్మకొండ నాన్న:
అందరికీ థ్యాంక్స్. చలికోటు కొట్టేసింది. నన్నయ రాత్రి, ఎర్రన పొద్దు, గునుగు, మూడూ పెట్టింది. నిన్న పేపర్ వెనక్కిచ్చారు. గునుగు దగ్గర ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం ఉంది. వాళ్ల టీచర్‌ది మన వైపు కాదట. సద్దుల బతుకమ్మ నాటికి ఒక కట్ట పట్టుకెళ్లి చూపిస్తానంటోంది పాప.